అందరికీ కనిపించే డ్యూటీ చార్టు

మేము ఆ లాండ్రీలో అడుగుపెట్టిన మొదటి రోజే ఒక మనిషి తల పగిలింది.

తార్నాక మెయిన్ రోడ్డు వెనక సందులో ఉండేది ఆ లాండ్రీ. చుట్టుపక్కల హాస్టళ్ళ దుప్పట్లు, నర్సింగ్ హోముల బెడ్‌షీట్లు వ్యాన్‌లో తెచ్చి, పెద్ద మిషన్లలో ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి తిరిగి పంపేవాళ్ళు. పదహారు మంది పనివాళ్ళు. పొద్దున ఆరు నుంచి రెండు దాకా ఒక షిఫ్టు, రెండు నుంచి పది దాకా ఇంకో షిఫ్టు. నేనూ నా క్లాస్‌మేటూ అప్పుడు యూనివర్సిటీలో ఎం.టెక్ చివరి సంవత్సరంలో ఉన్నాం. చిన్న వ్యాపారాల వాళ్ళు స్టాఫ్‌కి డ్యూటీలు వేసుకోవడానికి, కబురు అందించుకోవడానికి ఫోన్లో ఒక యాప్ తయారుచేయడం మా ప్రాజెక్టు. అతనిది జనగామ దగ్గర వ్యవసాయ కుటుంబం, క్యాంపస్ హాస్టల్లో ఉండేవాడు. మాది భీమవరం వైపు. నాన్న ఉద్యోగం మూలాన నేను పుట్టకముందే మావాళ్ళు హబ్సిగూడలో స్థిరపడ్డారు.

ఆ రోజు సూపర్‌వైజర్ వచ్చే వారం డ్యూటీల కాగితం గోడకి అంటించాడు. ఇస్త్రీ సెక్షన్‌లో పనిచేసే ఒక పొడుగాటి మనిషి దగ్గరకొచ్చి, వేలితో తన పేరు వెతుక్కుని చదివాడు. అందరూ అతన్ని ఇస్త్రీ అన్న అనేవాళ్ళు. వరసగా నాలుగో ఆదివారం కూడా అతనికే డ్యూటీ పడింది. కాగితం చింపి నేలమీద పారేశాడు. సూపర్‌వైజర్ లాగి చెంపమీద కొట్టాడు. ఇస్త్రీ అన్న అతన్ని రెండు చేతులా తోశాడు. సూపర్‌వైజర్ వెనక్కి పడి, బట్టల బండి ఇనుప అంచు తలకి తగిలి, అక్కడే కూలబడిపోయాడు. మడతపెట్టి ఉంచిన తెల్ల దుప్పట్ల మీద నెత్తురు చిమ్మింది.

నేను గోడకి అతుక్కుపోయి నిలబడ్డాను. ఓనరు మాత్రం ఆశ్చర్యపోలేదు. సూపర్‌వైజర్ తలకి తువ్వాలు చుట్టి ఆస్పత్రికి పంపించి, మావైపు తిరిగాడు.

"చూసిన్రా? ప్రతి సోమారం గిదే లొల్లి. నాకు నీళ్ళతోని లేదు, కరెంటుతోని లేదు పరేషాన్. ఈ డ్యూటీల కాగితంతోనే. మీ యాప్‌తోని గిది బంద్ అయితదంటే చెప్పున్రి."

బంద్ అవుతుందని నేనే చెప్పాను. నాకు ఇరవై మూడేళ్ళు. నా మాటకి ఎదురుండదనుకునేదాన్ని.

గొడవలకి కారణం అనుమానం అని తేల్చుకున్నాను. ఎవరికి ఏ డ్యూటీ పడిందో, ఎందుకు పడిందో తెలియదు కాబట్టి కొట్టుకుంటున్నారు. అందరి డ్యూటీలూ అందరికీ కనిపిస్తే పక్షపాతం అనే మాటే ఉండదు. ఏ సెక్షన్‌లో, ఏ గంటకి, ఎవరెవరు ఉన్నారో ఒకే పేజీలో కనిపించాలి. ఎవరైనా డ్యూటీ మార్చుకోవాలంటే ఒక బటన్ నొక్కితే అవతలివాళ్ళకి కబురు వెళ్ళాలి, వాళ్ళు సరేనంటే చార్టు మారిపోవాలి. ఇంకొకటి, చార్టుని బొమ్మలా వాట్సాప్‌లో పంపుకునే బటన్ కూడా కావాలన్నాను. ఈ చివరిదాని గురించి నా క్లాస్‌మేట్‌తో ఆర్ట్స్ కాలేజీ ముందు మెట్ల మీద కూర్చుని ఒక సాయంత్రమంతా వాదించాను.

"ఆ బొమ్మ ఒక్కసారి బయటికి పోయిందంటే ఏడికి పోతదో మన చేతుల ఉండదు," అన్నాడు.

"లాండ్రీ డ్యూటీ చార్టులో రహస్యం ఏముంటుంది?"

"ఏమో. ఉంటే?"

నేను నవ్వాను. మర్నాడు ఆ బటన్‌కి కోడ్ అతనే రాసిచ్చాడు.

యాప్ నడిచింది. సూపర్‌వైజర్ తల కట్టు విప్పేలోపలే లాండ్రీలో గొడవలు తగ్గిపోయాయి. ఇస్త్రీ అన్నకి రెండు ఆదివారాలు సెలవు దొరికింది. నన్ను చూస్తే నమస్తే పెట్టేవాడు. మా ప్రొఫెసర్ గారు క్లాసులో మా చార్టుని గోడమీద పెద్దగా వేసి చూపించారు. మధ్యాహ్నం రెండింటి షిఫ్టుకి ఆకుపచ్చ రంగు నేనే ఎంచుకున్నాను. దూరం నుంచి కూడా తేటగా కనబడుతోందని మెచ్చుకున్నారు.

మడత సెక్షన్‌లో ఒకామె పనిచేసేది. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. మెట్టుగూడలో ఆడవాళ్ళ హాస్టల్లో ఉండేది. తక్కువ మాట్లాడేది. ఒకరోజు నేను అందరి ఫోన్లలో యాప్ ఎక్కిస్తుంటే, చివరిదాకా ఆగి నా దగ్గరకొచ్చింది.

"మేడమ్, అండ్ల నా పేరు కనవడకుండ చెయ్యొస్తదా?"

"ఎందుకక్కా? అందరి పేర్లూ ఉంటాయి."

"నా ఒక్కదానిదే వద్దు."

"ఒకళ్ళకి తీసేస్తే మిగతావాళ్ళు ఊరుకోరు కదా. మళ్ళీ గొడవలు మొదలవుతాయి. అయినా ఇది స్టాఫ్‌కి తప్ప బయటివాళ్ళకి కనిపించదు."

ఆమె తన ఫోన్ వైపు చూసుకుంది.

"స్టాఫ్ ఫోన్లు స్టాఫ్ చేతులనే ఉంటయా మేడమ్?"

ఆ ప్రశ్నకి నేను పాస్‌వర్డ్ ఎలా పెట్టుకోవాలో చెప్పాను. ఆమె తలూపి వెళ్ళిపోయింది. ఎందుకు వద్దంటున్నావు అని ఇంకొక్కసారి అడిగి ఉంటే చెప్పేదేమో. నేను అడగలేదు. ఇంకా నలుగురి ఫోన్లు మిగిలి ఉన్నాయి, నాకు క్యాంపస్‌కి టైమవుతోంది.

మూడు నెలలు గడిచాయి. ఒక బుధవారం మధ్యాహ్నం రెండింటికి నేను లాండ్రీ ముందుగదిలో సూపర్‌వైజర్‌కి చార్టులో ఒక కొత్త మార్పు చూపిస్తున్నాను. షిఫ్టు మారే సమయం. పొద్దుటివాళ్ళు ముందు గేటు నుంచి వెళ్ళిపోతున్నారు. మిషన్లు తిరుగుతున్నాయి కాబట్టి మొదటి కేక నాకు వినబడలేదు. ఇస్త్రీ అన్న పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్, ఓనరు సారుని పిలువున్రి! ఎవడో మడతల అక్కను సంపుతుండు!"

నేను వెనక వైపుకి పరిగెత్తాను.

మడత బల్ల దగ్గర ఒక మనిషి ఉన్నాడు. సన్నగా, ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, జేబులో దువ్వెనతో. ఒక్క క్షణం ఎవరో కస్టమర్ అనుకున్నాను. ఎడమ చేతికి ఆమె జడని రెండు చుట్లు చుట్టుకుని, ముఖాన్ని బల్లకేసి అదిమిపెట్టాడు. కుడి చేతిలో పక్క సెక్షన్ నుంచి లాక్కున్న ఇస్త్రీ పెట్టె. దాన్ని ఆమె కుడి చేతి మీద పెట్టి నొక్కుతున్నాడు.

"గీడ దాసుకున్నవా? గీడ దాసుకున్నవా?" అదే మాట, గొంతు పెంచకుండా, జవాబు కావాలన్నట్టు అడుగుతున్నాడు.

ఆ వాసన గురించి రాయను. ఇప్పటికీ మా ఇంట్లో ఇస్త్రీ చేస్తుంటే నేను బాల్కనీలోకి వెళ్ళిపోతాను.

మిషన్లలోంచి తడి దుప్పట్లు ఎత్తడానికి వాడే కర్ర ఒకటి గోడకి ఆనించి ఉంది. అది నా చేతిలోకి ఎలా వచ్చిందో గుర్తులేదు. మొదటి దెబ్బ అతని భుజం మీద పడింది. అతను ఆమెని వదిలి నావైపు తిరిగి, ఇస్త్రీ పెట్టెని వైరు పట్టుకుని గిరగిరా తిప్పి విసిరాడు. అది నా మోచేతికి తగిలింది. ఎముక చిట్లిందని తర్వాత తెలిసింది. అప్పుడు నొప్పి తెలియలేదు. రెండో దెబ్బ తలమీద వేశాను. అతను మోకాళ్ళ మీద పడి, పక్కకి ఒరిగిపోయాడు.

అదే సమయానికి సూపర్‌వైజర్ మెయిన్ స్విచ్ ఆపేశాడు. మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో కర్ర దెబ్బల చప్పుడు ఒక్కటే వినిపించింది. కొడుతున్నది నేనే. పడిపోయిన మనిషిని కొడుతున్నాను. ఇస్త్రీ అన్న వెనకనుంచి వచ్చి నా రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు.

"సాలు మేడమ్. సచ్చిపోతడు. ఆపున్రి."

ఆమె బల్ల కింద కూర్చుని ఉంది. కాలిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డని చూసినట్టు దాన్నే చూస్తోంది. ఏడవడం లేదు.

పోలీసులొచ్చి వాళ్ళిద్దరినీ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నన్ను నా మోచేతికి కట్టు కట్టించాక స్టేషన్‌కి తీసుకెళ్ళారు. అప్పుడే తెలిసింది, అతను ఆమె భర్త అని. ఆరేళ్ళు దెబ్బలు తిని, ఆరు నెలల క్రితం సంచి తీస్తే తెలిసిపోతుందని చీర మీద చీర కట్టుకుని ఊళ్ళోంచి వచ్చేసిందట. ఎస్సై గారు అతని ఫోన్ నా ముందు బల్లమీద పెట్టారు.

"ఇదేందమ్మా?"

తెర నిండా నా చార్టు. మడత సెక్షన్, బుధవారం, రెండు నుంచి మూడు దాకా. ఆకుపచ్చ గడిలో ఆమె పేరు ఒక్కటే. ఆమెతో ఉండాల్సిన రెండో ఆవిడ ఆ ముందురోజే యాప్‌లో బటన్ నొక్కి మూడింటికి వచ్చేలా మార్చుకుంది. ఏ రోజు, ఏ గంటకి, ఏ సెక్షన్‌లో ఆమె ఒంటరిగా దొరుకుతుందో అతనికి నేను రంగేసి మరీ చూపించాను.

"డ్యూటీ చార్టు సార్," అన్నాను.

"ఎవరు తయారుచేసిన్రు?"

"నేనే సార్."

ఆయన రాసుకున్నారు. అతన్ని ఎన్నిసార్లు కొట్టావని అడిగారు. రెండుసార్లని చెప్పాను.

బొమ్మ పంపింది లాండ్రీ వ్యాన్ డ్రైవర్. అతనిది ఆమె ఊరే. మర్నాడు లాండ్రీ సందులో ఇస్త్రీ అన్న, ఇంకో ముగ్గురు అతన్ని గోడకి నెట్టి కొట్టారు. పెదవి చిట్లి నెత్తురు కారుతుంటే అతను చేతులు జోడించాడు.

"మాట్లాడి తోల్కపోతనన్నడే అన్నా! సంసారం నిలవడ్తదనుకున్న! నాకేమెరుక?"

నేను చేతికి కట్టుతో గేటు దగ్గర నిలబడి చూశాను. ఆపమని ఒక్క మాట అనలేదు. ఇంకో దెబ్బ పడాలని ఎదురుచూశాను. ఓనరు వచ్చి విడదీశాక డ్రైవర్ నా పక్కనుంచే కుంటుకుంటూ వెళ్ళాడు. పంపింది అతనైతే, పంపే బటన్ పెట్టించింది నేను. అతన్ని కొట్టిన న్యాయం ప్రకారం నాకూ పడాలి.

ఇంట్లో అమ్మ నా కట్టు చూసి భయపడిపోయింది. "చదువుకునే పిల్లవి, నీకెందుకొచ్చిన గొడవలే ఇవన్నీ? ఆ కంప్యూటరేదో ఇంట్లో కూచుని చేసుకోకూడదూ?" అంది. ఎవర్నీ అడగకుండా ఇంట్లో కూర్చున్నట్టు చేసినందువల్లే ఇది జరిగిందని ఆమెకి ఎలా చెప్పను?

రెండు రోజుల తర్వాత క్యాంపస్ క్యాంటీన్ వెనక చెట్ల కింద నా క్లాస్‌మేట్‌ని కలిశాను. జరిగిందంతా చెప్పాను. ఆ మెట్ల మీద తను అన్న మాట ఇప్పుడు అంటాడని ఎదురుచూశాను. అతను అనలేదు. టీ కప్పు నా ముందుకి జరిపి, "తాగు, సల్లారిపోతది," అన్నాడు.

కప్పు విసిరికొట్టాను. మంచి చేత్తో అతని ఛాతీమీద గుద్దాను. "అను! ముందే చెప్పిన అని అను!" అని అరిచాను. పక్క బల్లలవాళ్ళు లేచి నిలబడ్డారు. అతను వెనక్కి తగ్గలేదు, నా చెయ్యి పట్టుకోలేదు. ఇంకో రెండు గుద్దులు తిన్నాడు.

"కొట్టు. ఇంక కొట్టాలనుంటే కొట్టు," అన్నాడు చివరికి. "చెప్పింది నేనే. రాసిచ్చింది గూడ నేనే. వద్దని తెలిసి ఎందుకు రాసిన? నువ్వు నవ్వినవని రాసిన. నన్నెవరు కొట్టాలె మరి?"

ఇద్దరం నేలమీద కప్పు పెంకులు ఏరి, ల్యాబ్‌కి వెళ్ళి, ముందు ఆ బటన్ తీసేశాం.

ఆస్పత్రికి వెళ్ళడానికి నాకు వారం పట్టింది. ఆమె కుడి చెయ్యి వేళ్ళ నుంచి మణికట్టు దాకా కట్టులో ఉంది. రెండు వేళ్ళు ఇక వంగవని డాక్టర్లు చెప్పారట. స్టూలు మీద కూర్చున్నాను. క్షమించమని అడగడానికి దారంతా మాటలు కూర్చుకుని వచ్చాను. ఆమే ముందు మాట్లాడింది.

"వాని తల పగిలిందంట. పన్నెండు కుట్లు పడ్డయంట. ఎవరు కొట్టిన్రు?"

"నేనే."

ఆమె నన్ను కింది నుంచి మీదికి చూసింది.

"నువ్వా? గింత లేవు. ఇంకింత గట్టిగ కొట్టకపోయినవ్," అంది.

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. ఓదార్చాల్సిన అవసరం ఆమెకి లేదు. నా ఏడుపు అయ్యాక అడిగింది.

"ఆ చార్టు ఇంకా నడుస్తున్నదా?"

"నడుస్తోంది. పంపే బటన్ తీసేశాం."

"గంతేనా? ఫోన్ ఇటు తే."

ఎడమ చేత్తో ఫోన్ తీసుకుంది. కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచాక ఆమె ముఖం మారిపోయింది. దవడ బిగిసింది. గొంతు కూడా మారింది. ఆమె భర్త గొంతు, ఆ రోజు లాండ్రీలో విన్నదే.

"నా పెళ్ళాం ఏడుందిరా? ఫోన్ తియ్యి. తియ్యంటున్న. తాళం ఏంది నీ ఫోన్‌కు? వేలు పెట్టు. పెట్టకుంటే వేలు కోసి పెడత." తెర మీద వేలితో జరిపింది. "మడత సెక్షన్‌ల ఎవరున్నరు? ఇయ్యాల లేదా? రేపు? ఎవరో డ్యూటీ మార్చుకుంటున్నరు కదా. ఎవరితోని? ఓహో. నాకు దొరికిందే."

పక్క మంచం మీది ముసలావిడ భయంగా మావైపు చూసింది. ఆమె ఆగలేదు. అరగంటలో మా యాప్‌లో మూడు దారులు చూపించింది. ఎవరి ఫోన్ లాక్కున్నా అందరూ కనిపిస్తారు. డ్యూటీ మార్చుకునే కబుర్లు చూస్తే చార్టు లేకుండానే తెలిసిపోతుంది. యాప్‌లోని లాండ్రీ గ్రూపులో సూపర్‌వైజర్ పొద్దున పెట్టే హాజరు మెసేజ్ చూస్తే వచ్చిందో లేదో తెలుస్తుంది. ఎం.టెక్‌లో మేము చదివిన ఏ పాఠంలోనూ ఇలా ఆలోచించడం నాకు ఎవరూ నేర్పలేదు. నేను చేతిలో ఉన్న మందుల చీటీ వెనక అన్నీ రాసుకున్నాను.

ఫోన్ తిరిగి నా ఒళ్ళో పెట్టింది. "వాడు ఎట్ల ఆలోచిస్తడో నాకెరుక. ఆరేండ్లు గదే సదువు సదివిన," అంది.

నెల రోజులు పట్టింది మాకు యాప్ మళ్ళీ కట్టడానికి. ఇప్పుడు ఎవరి డ్యూటీ వాళ్ళకే కనిపిస్తుంది. డ్యూటీ మార్పులు, హాజరు కూడా గ్రూపులో కాకుండా సూపర్‌వైజర్‌కే వెళ్తాయి. మొత్తం చార్టు సూపర్‌వైజర్ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు. పేరు బయటపడొద్దనుకున్నవాళ్ళు కారణం చెప్పనక్కర్లేదు. ఓనరుకి ఇది నచ్చలేదు.

"మళ్ళ లొల్లి మొదలైతది, మీరే చూడున్రి," అన్నాడు.

మొదలైంది కూడా. రెండో వారంలోనే ఆదివారం డ్యూటీ గురించి ఇద్దరు కొట్టుకుని, ఒకతని పన్ను ఊడింది. ఓనరు నాకు ఫోన్ చేసి తిట్టాడు. ఎవరి డ్యూటీ గంటలూ చూపించకుండానే, ఎన్ని ఆదివారాలు ఎవరికి పడ్డాయో మాత్రం నెలకోసారి సూపర్‌వైజర్ అందరి ముందూ చదివేలా చేశాం. గొడవలు పూర్తిగా పోలేదు. తగ్గాయి. అంతకంటే బాగా చేయడం మాకు చేతకాలేదు.

ఆమె భర్త బెయిల్ మీద బయటికొచ్చాడు. ఆమె లాండ్రీ మానేసి వేరేచోట చేరింది. ఎక్కడో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఈసారి అడగకపోవడమే సరైనది.

కేసు విచారణకి నన్ను సాక్షిగా పిలిచారు. నాన్న వద్దన్నారు. వెళ్ళాను. భర్త తరఫు లాయరు నన్ను నిలబెట్టి, అతను కింద పడ్డాక కూడా కొట్టావా అని అడిగాడు. స్టేషన్లో చెప్పినట్టే రెండే దెబ్బలని చెప్పొచ్చు. ఎదురుగా అతను కూర్చుని ఉన్నాడు, అదే రకం ఇస్త్రీ చొక్కా, నుదుటి మీద కుట్ల మచ్చ. గోడ పక్కన బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది, కుడి చెయ్యి కొంగులో దాచుకుని.

"కొట్టాను," అన్నాను. "పడ్డాక మూడుసార్లు. పట్టుకుని ఆపకపోతే ఇంకా కొట్టేదాన్ని."

బయటికొచ్చాక ఆమె నాతోపాటు మెట్లు దిగింది.

"నిజం జెప్పినవ్. ఇగ ఆ వకీలు నిన్ను ఇడువడు."

"విడవకపోతే విడవనీ అక్కా."

ఆమె రోడ్డు మీదికి చూసి, ఎడమ చెయ్యెత్తి ఒక ఆటోని ఆపింది. "నువ్వు ముందుగాల పో," అంది. నేను ఎక్కి కూర్చున్నాను. ఆమె ఏవైపు వెళ్తుందో చూడకూడదని, ఆటో మలుపు తిరిగేదాకా వెనక్కి తిరగలేదు.